మీ నాలుగు లైన్ల చిట్కా, మా రెండు 931 జీబీలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం మీ అనుబంధంలో, రాశిఫలాల కింద కాస్త చోటు మిగిలినట్టుంది, అక్కడ బాక్సు కట్టి ఒక కంప్యూటర్ చిట్కా వేశారు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ ఫార్మాట్ కాకుండా మొండికేస్తే డిస్క్‌పార్ట్ (విండోస్‌లోనే ఉండే, కమాండ్లు కొట్టి డిస్కులను సర్దుకునే ప్రోగ్రాం) తెరిచి, డిస్కు సెలెక్ట్ చేసి, రీడ్ ఓన్లీ, అంటే రాయనివ్వని లాక్, తీసేసి, క్లీన్ అని కొట్టి, కొత్త పార్టిషన్, అంటే ఫైళ్లు పెట్టుకునే భాగం, చేసుకుంటే సరి అని. మొత్తం నాలుగు లైన్లు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, అది ముందే ఒప్పుకుంటున్నా. కానీ ఆ నాలుగు లైన్లు నమ్ముకున్నందుకు మా షాపులో ఒక పూట ఎట్లా గడిచిందో మీకు తెలియాలి, అందుకే రాస్తున్నా. ఉత్తరం పొడుగవుతుంది. చోటు లేకపోతే కత్తిరించుకోండి, డిస్కు నంబరు గురించి రాసిన భాగం మాత్రం వదలొద్దు.

మాది కడప. కోటిరెడ్డి సర్కిల్ నుంచి నడిచివెళ్లేంత దూరంలో డీటీపీ, జిరాక్స్ షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, దేవుని కడప బ్రహ్మోత్సవాలప్పుడు పోస్టర్లు, పెద్ద దర్గా ఉరుసుకు బ్యానర్లు, మధ్యమధ్యలో ఆధార్ జిరాక్సు, అడంగల్ ప్రింటు, ఇదీ నా పని. పేజీలు కట్టే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు ఎప్పటివో ఉన్నాయి నా దగ్గర. మా ఊరి ఇంగ్లిష్ స్పెల్లింగు 2005లో మారింది కదా, అంతకుముందు చేసిన లెటర్‌హెడ్లలో సి అక్షరంతో మొదలయ్యే పాత కడప ఇంకా అట్లే ఉంది. వాటితో ఇప్పుడు ఎవరికీ పనిలేదు, అయినా తుడిచేయబుద్ధి కాదు. మిగతావాటితో మాత్రం పని పడుతూనే ఉంటుంది. అక్క పెళ్లికి పత్రిక కొట్టించుకున్నోళ్లు పదేళ్లకు తమ్ముడి పెళ్లికి వచ్చి, "మేడం, అదే డిజైన్, పేర్లు మార్చండి చాలు" అంటారు. ఆ ఫైలు లేదంటే మొదటి నుంచీ కూర్చోవాలి.

అందుకని అన్నీ రెండు చోట్ల పెట్టుకున్నా. షాపు కంప్యూటర్లో విండోస్ ఉండేది చిన్న ఎస్‌ఎస్‌డీ మీద, ఫైళ్లన్నీ ఉండేది దాని పక్కన బిగించిన 1 టీబీ హార్డ్ డిస్కులో. ఆ డిస్కుకు కాపీ ఇంకో 1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో. ఆ ఎక్స్‌టర్నల్‌నే ఆఫ్‌సెట్ ప్రెస్సుకూ ఫ్లెక్స్ షాపుకూ సంచిలో వేసుకుని తిప్పేదాన్ని. బ్యాకప్ అని పేరు పెట్టుకుని దాన్నే ఊరంతా తిప్పడం తప్పే, ఆ తప్పు నాది. పెళ్లిళ్ల సీజన్లో ఒక చోట ఫైలు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. షాపుకొచ్చి పెడితే, ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి అని బాక్సు వచ్చింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి చూస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ అని, అంటే విండోస్ ఫైళ్లు పెట్టుకునే పద్ధతి పేరు, ఉండాల్సిన చోట రా (RAW) అని ఉంది. అంటే డ్రైవ్ కనపడుతోంది గానీ అందులో ఫైళ్లు ఏ పద్ధతిలో పెట్టుకున్నారో విండోస్‌కు అర్థం కావడం లేదని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ బాక్సు అడిగేది మర్యాదగా అడిగినట్టే ఉంటుంది, కింద బటన్ కూడా నొక్కమన్నట్టే ఉంటుంది, మనోళ్లు నొక్కేస్తారు. లోపల కావాల్సిన ఫోటోలు, ఫైళ్లు ఉంటే, వాటికి ఇంకో కాపీ లేకపోతే, ఫార్మాట్ నొక్కనే కూడదు. క్యాన్సిల్ కొట్టి డ్రైవ్ తీసి పక్కన పెట్టాలి. రా అని చూపించినంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు, చాలాసార్లు వాటి పట్టిక చెడిపోయి ఉంటుంది అంతే. నాకైతే అసలు ఫైళ్లు లోపలి డిస్కులో భద్రంగా ఉన్నాయన్న ధైర్యం, అందుకే ఫార్మాట్ చేసి మళ్లీ కాపీ చేసుకుందామని నొక్కా. కాసేపు తిప్పి తిప్పి, ఫార్మాట్ పూర్తి చేయలేకపోయాం అని వచ్చింది. మళ్లీ కొట్టా. మళ్లీ అదే. మూడోసారి డ్రైవ్ అసలు కనపడకుండా పోయి, టుంగ్ మని శబ్దం చేసి మళ్లీ వచ్చింది.

అప్పుడొచ్చాడు మా అక్క కొడుకు, చేతిలో మీ పేపరు. బీటెక్ రెండో సంవత్సరం. "చిన్నమ్మా, నువ్వు లెయ్, ఇది రెండు నిమిషాల పని" అన్నాడు. నల్ల తెర తెరిచాడు, లిస్ట్ డిస్క్ కొట్టాడు. మూడు లైన్లు వచ్చాయి. డిస్క్ 0, 931 జీబీ. డిస్క్ 1, 238 జీబీ. డిస్క్ 2, 931 జీబీ. ఈ 931 ఏందంటే, డ్రైవ్ తయారు చేసేవాళ్లు 1 టీబీని వెయ్యి లెక్కన కడతారు, విండోస్ 1024 లెక్కన కడుతుంది, అందుకే కొత్త డ్రైవ్ కూడా 931గానే కనపడుతుంది, అది మోసమేమీ కాదు. మోసం మా ఖర్మలో ఉంది. లోపలిదీ 1 టీబీయే, బయటిదీ 1 టీబీయే. వాడికి పైన ఉన్న 931 కనపడింది. సెలెక్ట్ డిస్క్ 0. క్లీన్. ఎంటర్.

డిస్క్‌పార్ట్ ఒక్క ప్రశ్న కూడా అడగదండీ. ఏటీఎంలో వంద రూపాయలు తీస్తే కూడా రసీదు కావాలా అని అడుగుతుంది. ఇది మాత్రం మీరు ఖాయంగా అనుకుంటున్నారా అని కూడా అడగకుండా ఒక్క సెకనులో పని ముగించి, డిస్కును విజయవంతంగా శుభ్రం చేశాం అని చెప్పింది. వాడు నావైపు తిరిగి నవ్వాడు. నేను మైకంప్యూటర్ తెరిచా. డి డ్రైవ్ లేదు.

విండోస్ ఉన్న డిస్కును క్లీన్ కొడితే డిస్క్‌పార్ట్ ఒప్పుకోదు, ఇది సిస్టం నడుస్తున్న డిస్కు, కుదరదు అంటుంది. కానీ పక్కన ఉన్న డేటా డిస్కు దాని దృష్టిలో ఉత్త డిస్కే. చెడిపోయిన కాపీని బాగుచేయబోయి బాగున్న అసలును చెరుపుకున్నాం. ఆ పిల్లోడి ముఖం చూసి తిట్టడానికి కూడా నోరు రాలేదు. షాపులో ఇద్దరు కస్టమర్లు, ఒకాయన గృహప్రవేశం కార్డు ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఆయనకు ప్రింటర్ రిపేరు అని చెప్పి పంపించా.

ఊర్లో ఒక కంప్యూటర్ షాపుకు ఫోన్ చేస్తే, క్లీన్ కొట్టారా, ఇంకేముంది పోయినట్టే, కొత్తగా పార్టిషన్ చేసుకుని వాడుకోండి అన్నారు. అట్లా చేసి ఉంటే నిజంగానే పోయేది. మా వీధి చివర సీసీ కెమెరాలు బిగించే అన్న ఉన్నాడు, ఆ కెమెరాల రికార్డింగ్ పెట్టెల (డీవీఆర్) హార్డ్ డిస్కులతో రోజూ తలపట్టుకునే మనిషి. ఆయన ఫోన్లోనే, "అక్కా, ఏమీ ముట్టుకోవద్దు. ఇనిషియలైజ్ చేయమని, అంటే కొత్త డిస్కులా మొదలుపెట్టమని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టు. దాని మీద ఒక్క ఫైలు కూడా రాయొద్దు. నేనొస్తా" అన్నాడు.

ఆయన వచ్చి చెప్పిన సంగతి నాకు బాగా ఎక్కింది. క్లీన్ అంటే డిస్కు మొత్తం తుడవడం కాదు. డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉండే పట్టికను చెరిపేస్తుంది అంతే. అడంగల్లో పేరు కొట్టేస్తే పొలం ఎక్కడికీ పోదు కదక్కా, అన్నాడు, అట్లాంటిది. క్లీన్ ఆల్ అని ఇంకొకటి ఉంది, అది ప్రతి చోటా సున్నాలు రాసేస్తుంది, గంటల తరబడి నడుస్తుంది, అది కొట్టి ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. మీ చిట్కాలో ఆల్ లేదు, దానికి మాత్రం మీకు నిజంగా రుణపడి ఉన్నా.

టెస్ట్‌డిస్క్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, చూడ్డానికి పాత డాస్ కాలం ముఖం. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. డిస్కు ఎంచుకునేటప్పుడు తెర మీద సైజు ఒక్కటే కాదు, మోడల్ పేరు కూడా చదివి వినిపించాడు, నా చేత కూడా చదివించాడు. అనలైజ్ కొట్టాడు. కాసేపటికి పోయిన పార్టిషన్ ఒక లైనుగా వచ్చింది. వెంటనే రాసేయలేదు. పీ నొక్కితే అందులో ఉన్న ఫోల్డర్లు కనపడతాయి, ముందు చూసుకోవాలంట. నా ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటీ పైకి జరుగుతుంటే, శుభలేఖలు, ఓణీల ఫంక్షన్, కర్మక్రియలు, ఉరుసు, అన్నీ ఉన్నాయి. అప్పుడు రైట్ (Write, అంటే ఆ పట్టిక మళ్లీ రాయమని) కొట్టి, కంప్యూటర్ ఆపి వేస్తే డి డ్రైవ్ ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంది. మా పిల్లోడు మాత్రం ఆ రోజు భోజనం చేయలేదు.

అందరికీ ఇట్లా తిరిగొస్తాయని మాత్రం ఎవరూ అనుకోవద్దు. క్లీన్ తరువాత కొత్త ఫైళ్లు కాపీ చేసుకుని ఉంటే, వాటి కింద పడిన పాతవి పోయినట్టే. ఫైళ్ల పట్టిక కూడా చెడిపోతే ఫోటోరెక్ లాంటివి ఫోటోలను వెతికి తెస్తాయి గానీ పేర్లు రావు, ఫోల్డర్లు రావు, వేల ఫైళ్లు నంబర్లతో కుప్పగా పడతాయి. ఎవరి పెళ్లి ఏదో ముఖాలు చూసి ఏరుకోవాలి.

ఇప్పుడు అసలు రోగి సంగతి, ఆ ఎక్స్‌టర్నల్. సీసీ కెమెరాల అన్న దాన్ని చూసీ చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఎందుకు ఫార్మాట్ కాలేదో ఎవరన్నా చూశారా?" అని. ఎవరూ చూడలేదు. నేను మూడుసార్లు అదే బటన్ నొక్కా, పిల్లోడు దాన్నే ఇంకా గట్టిగా నొక్కే దారి పేపర్లో చూసుకొచ్చాడు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా డోసు పెంచుకుంటూ పోయినట్టు. మీ చిట్కాలో నాకు లేదనిపించింది ఈ ప్రశ్నే.

నా డ్రైవ్ కంప్యూటర్ ముందువైపు పోర్టులో, అది కూడా మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరుతో పెట్టి ఉంది, టేబుల్ మీద అందుబాటుగా ఉంటుందని. ఈ చిన్న డ్రైవ్‌లకు విడిగా అడాప్టర్ ఉండదు, లోపల పళ్లెం తిరగడానికి కరెంటు ఆ యూఎస్‌బీ వైరులోంచే రావాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు 900. పొడుగు వైరులో అది ఇంకా తగ్గుతుంది. చదవడానికి సరిపోయినట్టే ఉంటుంది, రాయడం మొదలవగానే డ్రైవ్ ఊపిరాడక ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది, ఆ టుంగ్ శబ్దం అదే. ఫార్మాట్ మధ్యలో అట్లా జరిగితే ఫార్మాట్ కాలేదనే వస్తుంది, డ్రైవ్‌లో ఏ లోపం లేకపోయినా. ఎన్ని డ్రైవ్‌లు ఈ వైరు వల్లనే చెత్తబుట్టలో పడి ఉంటాయో. వెనకవైపు పోర్టులో పొట్టి వైరుతో పెట్టాడు. క్విక్ ఫార్మాట్ కొట్టాడు. అయిపోయింది!

నేను సంతోషపడి టీ చెప్పా. ఆయన టీ తాగుతూ, "క్విక్ ఫార్మాట్ అయిందంటే ఏమీ అయినట్టు కాదక్కా" అన్నాడు. క్విక్ ఫార్మాట్ ఖాళీ పట్టిక ఒకటి రాసి వెళ్లిపోతుంది, మిగతా డిస్కును ముట్టుకోను కూడా ముట్టుకోదు. పూర్తి ఫార్మాట్ అయితే, విండోస్ విస్టా నుంచి ఇప్పటిదాకా, మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాస్తూ, చెడిపోయిన చోట్లు వెతుకుతూ పోతుంది. 1 టీబీకి, సెకనుకు 100 ఎంబీ చొప్పున వేసుకున్నా దాదాపు మూడు గంటలు. పాత పోర్టులో అయితే ఎనిమిది, తొమ్మిది గంటలు కూడా పడుతుంది, అందుకే అది ఆగిపోయింది అనుకుని మధ్యలో పీకేసేవాళ్లు ఎక్కువ. సాయంత్రం పెట్టి షాపు మూశాం. పొద్దున చూస్తే 37 శాతం దగ్గర నిలబడి ఉంది. వైరు మార్చి మళ్లీ పెట్టాం. మళ్లీ 37. రెండు వైర్లతో రెండుసార్లు ఒకే చోట ఆగిందంటే తప్పు వైరుది కాదు.

క్రిస్టల్ డిస్క్‌ఇన్‌ఫో అని ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంది, అదే ముందు చూడాల్సింది అని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. హార్డ్ డిస్కు తన ఆరోగ్యం తానే రాసి పెట్టుకుంటుంది, స్మార్ట్ అంటారు. నీలం రంగు వస్తే బాగుంది, పసుపు వస్తే జాగ్రత్త, ఎరుపు వస్తే అయిపోయింది. నాది పసుపు. పెండింగ్ సెక్టార్ల లెక్క సున్నా ఉండాల్సిన చోట సున్నా కాదు. చదవలేకపోతున్న చోట్లు అవి. ఇట్లాంటి డ్రైవ్‌కు క్విక్ ఫార్మాట్ చేసి 300 రూపాయలు తీసుకుని బాగుచేశాం అని చేతిలో పెడితే మనం నమ్మి ఫైళ్లన్నీ మళ్లీ దాంట్లోనే పోస్తాం. అందుకే రిపేరుకు ఇచ్చేవాళ్లు, క్విక్ ఫార్మాట్ చేశారా, పూర్తిది చేశారా అని ఒక్క మాట అడగండి.

ఈ వారం రోజుల్లో నా ఉత్సాహం చూసి చుట్టుపక్కల వాళ్లు కూడా వాళ్ల డ్రైవ్‌లు పట్టుకొచ్చారు. ఒకాయన డ్రైవ్ ఆఫీసు కంప్యూటర్లో రైట్ ప్రొటెక్టెడ్ అంటోంది, ఫార్మాట్ కావడం లేదని తెచ్చాడు. నా దగ్గర పెడితే నిక్షేపంగా ఉంది. వాళ్ల ఆఫీసులో బయటి డ్రైవ్‌ల మీద రాయకుండా లాక్ పెట్టుకున్నారు, డ్రైవ్‌ది ఏ పాపమూ లేదు. ఇంకో అబ్బాయిది టీవీ సెట్‌టాప్ బాక్సులో రికార్డింగ్‌కు పెట్టిన డ్రైవ్, ఆ బాక్సు తన పద్ధతిలో దాన్ని ఫార్మాట్ చేసేసుకుంది, విండోస్‌కు అది అర్థం కాలేదు. దానికి మాత్రం మీ క్లీన్ చిట్కా బ్రహ్మాండంగా పనిచేసింది, నేనే కొట్టా, మిగతా డిస్కుల వైర్లు పీకి మరీ కొట్టా. ఇంకొకాయన కారు స్టీరియోకు ఫ్యాట్32 (ఎన్‌టీఎఫ్‌ఎస్ లాంటిదే, ఫైళ్లు పెట్టే ఇంకో పద్ధతి) కావాలి, ఫార్మాట్ బాక్సులో ఆ పేరే రావడం లేదు అన్నాడు. 32 జీబీ దాటితే విండోస్ ఫార్మాట్ బాక్సులో అది చూపించదు, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ మాత్రమే చూపిస్తుంది. డ్రైవ్ చెడిపోలేదు, 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్ కొనుక్కోమన్నా. మా వృత్తివాళ్లకు ఒక ప్రత్యేకమైన బాధ ఉంది, ఫోటోషాప్‌లో స్క్రాచ్ డిస్కుగా, అంటే పని నడిచేటప్పుడు తాత్కాలిక ఫైళ్లు పడే చోటుగా, ఎక్స్‌టర్నల్‌ను పెట్టుకుంటాం, అది తెరిచి ఉన్నంతసేపు డ్రైవ్‌ను ఇంకో ప్రోగ్రాం వాడుతోంది అని ఫార్మాట్ కానివ్వదు. ఫోటోషాప్ మూసేస్తే చాలు.

ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పినోళ్లు కూడా ఉన్నారండోయ్. గోనెసంచిలో బియ్యం పోసి అందులో పెట్టమన్నారు ఒకరు, ఆ బియ్యం ఫోన్ తడిస్తే చెప్పే వైద్యం, అది కూడా అనుమానమే. ఫ్రిజ్‌లోంచి తీస్తే లోపల చెమ్మ పడుతుంది, ఉన్నదీ పోతుంది. డ్రైవ్ లోపల టక్ టక్ మని కొట్టుకుంటుంటే వైరు, పోర్టు మార్చి చూసినా ఆ శబ్దం పోకపోతే ఇంక కమాండ్లు, ప్రోగ్రాంలు ఏవీ వద్దు, చదివే ముల్లు దెబ్బతిని ఉంటుంది, నడిపిన ప్రతి నిమిషమూ పళ్లెం మీద గీత పడొచ్చు. కావాల్సిన డేటా ఉంటే ఆపేసి పక్కన పెట్టి రికవరీ చేసేవాళ్ల దగ్గరికే పోవాలి. ఖర్చు డ్రైవ్ ధరకు కొన్ని రెట్లు ఉంటుంది, అది తెలిసే పోవాలి.

చివరికి నా డ్రైవ్‌ను ఏం చేయాలనే ప్రశ్న వచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫార్మాట్ కాని డ్రైవ్ అంటే తుడవడానికి కుదరని డ్రైవ్ అని కూడా అర్థం. మా లాంటి షాపుల్లో పెళ్లి పత్రికలే ఉండవు, జనం ఆధార్లు, పాన్ కార్డులు, పాస్‌బుక్కులు, టెన్త్ మార్కుల లిస్టులు స్కాన్ చేసినవి ఏళ్ల తరబడి పేరుకుని ఉంటాయి. నేను 37 శాతం దాకా సున్నాలు రాశా, మిగతా 63 శాతం ఎవరి చేతిలో పడినా చదువుకోవచ్చు. వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉంది. ఇస్తే కొత్తది వస్తుంది, పాతది వెళ్లిపోతుంది. రెండు రోజులు ఆలోచించి ఇవ్వలేదు. పాత సామాన్ల బండికీ వేయలేదు. ఎర్రముక్కపల్లెలో తెలిసిన వెల్డింగ్ షాపులో నా కళ్ల ముందే మూడు చోట్ల డ్రిల్లింగ్ చేయించా. లోపలి పళ్లేలు కొన్నింట్లో గాజువి ఉంటాయంట, నాది ఆ రకమే, రెండో బొక్కకే లోపల గలగలా పగిలిన చప్పుడు వినపడింది. ఎవరైనా చేయిస్తే కళ్లద్దాలు పెట్టుకోమనండి. ఆ వెల్డింగ్ అబ్బాయి డబ్బులు తీసుకోలేదు గానీ, ఇంతకీ ఇందులో ఏముంది మేడం, ఎందుకింత పగ, అని అడిగాడు. వాళ్లమ్మ పింఛను కాగితాలు కూడా ఉండొచ్చని చెప్పలేదు.

ఎడిటర్ గారూ, ఆ బాక్సు మళ్లీ వేసే పని ఉంటే, నేను కంపోజ్ చేసినట్టే చెప్తా, ఇట్లా వేయండి. ముందు ఎక్స్‌టెన్షన్ వైరు తీసి, వెనక పోర్టులో, పొట్టి వైరుతో పెట్టి చూడాలి. అయినా కాకపోతే ఇంకో కంప్యూటర్లో చూడాలి. తరువాత డ్రైవ్ ఆరోగ్యం చూడాలి, పసుపో ఎరుపో వస్తే ఫార్మాట్ మాట మరిచి ఉన్న ఫైళ్లు తీసుకునే పని చూడాలి. అవన్నీ అయ్యాక కూడా డిస్క్‌పార్ట్ తప్పదనుకుంటే, ఎక్స్‌టర్నల్ పెట్టకుండా ఒకసారి లిస్ట్ డిస్క్ కొట్టాలి, పెట్టి ఇంకోసారి కొట్టాలి, కొత్తగా వచ్చిన నంబరే దానిది. సైజు చూసి ఎంచుకోకూడదు. సెలెక్ట్ చేశాక డీటెయిల్ డిస్క్ కొడితే మోడల్ పేరు వస్తుంది, లిస్ట్ డిస్క్ మళ్లీ కొడితే ఎంచుకున్న దాని పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, అవి చూశాకే క్లీన్. ఒకవేళ తప్పు డిస్కు మీద పడితే ఆ డిస్కు మీద ఏమీ రాయకుండా ఆగిపోవాలి. ఎనిమిది పాయింట్ల సైజులో వేసినా రాశిఫలాల కింద పట్టదని నాకు తెలుసు. ఒక వారం తులారాశిని ఆపండి, మాది తులారాశే, ఏమీ అనుకోను.

ఇంకొకటి. ఇరవై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నదాన్ని, తప్పు కనపడితే చేయి ఊరుకోదు. మీ బాక్సులో రీడ్ ఓన్లీ తీసేసే కమాండు చివర రీడ్ అని కొట్టి ఖాళీ వదిలి ఓన్లీ అని వేశారు. డిస్క్‌పార్ట్‌లో అది ఒకటే పదం, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మా పిల్లోడు ఆ రోజు ఆ లైను నాలుగుసార్లు కొట్టి, ప్రతిసారీ తప్పు అని వస్తుంటే విసుగొచ్చి దాన్ని వదిలేసి నేరుగా క్లీన్‌కు పోయాడు.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమానురాలు,
కడప